12 కిలోమీటర్లే తవ్వారు కదా, 35 కిలోమీటర్ల కింద సంగతి ఎలా తెలిసింది?

ఓరుగల్లు నాని:
మాది హనుమకొండ. 2024 డిసెంబరు 4న పొద్దున ఏడున్నర కావస్తుండగా ములుగు వైపు భూకంపం వచ్చింది కదా, 5.3 తీవ్రత, మా వంటింట్లో గిన్నెల స్టాండు మొత్తం గలగలమంది, అమ్మ స్టవ్ ఆపేసి బయటికి పరిగెత్తింది. అప్పటి నుంచి దీని గురించి కనిపించిందల్లా చదువుతున్నాను. ఒకటి మాత్రం మింగుడుపడటం లేదు. మనిషి తవ్విన అతి లోతైన బోరు రష్యాలో కోలా దగ్గరిది, అదే 12,262 మీటర్లు. మరి మన కాళ్ల కింద భూపటలం, అంటే భూమి పై పొర, మందం 35 కిలోమీటర్లని అంత ధీమాగా ఎలా రాస్తారు? అంచనాయా, లెక్కా?

రాళ్లబాట:
లెక్కే నానీ. ఉప్పల్ నుంచి పక్క కాలనీకైతే ఊళ్లోంచే వెళ్తాం, పటాన్‌చెరుకైతే ఔటర్ ఎక్కుతాం, దూరం ఎక్కువైనా ముందు చేరతాం. భూకంప తరంగాలూ అంతే. వాటిలో అన్నిటికంటే వేగంగా వెళ్లే పి తరంగం భూపటలంలో సెకనుకి ఆరు కిలోమీటర్ల పైచిలుకు వెళ్తుంది, దాని కింది పొర ప్రావారంలో (మాంటిల్) ఎనిమిది. దగ్గరున్న రికార్డింగ్ కేంద్రానికి పైపైన వచ్చేదే ముందు అందుతుంది, దూరం పెరిగేకొద్దీ కిందికి దిగి వచ్చినది దాన్ని దాటేస్తుంది. ఎక్కడ దాటిందన్నదే అసలు విషయం. పటలం 35 కిలోమీటర్లుంటే దాదాపు 200 కిలోమీటర్ల దగ్గర దాటుతుంది, మందం ఎక్కువైతే ఇంకా దూరాన.
1909 అక్టోబరు 8న జాగ్రెబ్ దగ్గర కుపా లోయలో భూకంపం వచ్చినప్పుడు క్రొయేషియా శాస్త్రవేత్త మొహొరోవిచిచ్ పట్టుకున్నది ఇదే. వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చిన రికార్డులు పోల్చి చూస్తే ఒకే భూకంపానికి పి తరంగాలు రెండేసి కనిపించాయి. పటలానికీ ప్రావారానికీ మధ్య సరిహద్దునే ఆయన పేరు మీద ఇప్పటికీ మోహో అంటాం. కంప్యూటర్ లేని రోజుల్లో, కాగితం మీద గీతలు చూసి కనిపెట్టాడు, నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.

ఓరుగల్లు నాని:
ఔటర్ ఉదాహరణతో బుర్రకెక్కింది అన్నా. అయితే భూకంపం వచ్చేదాకా కూర్చోవాల్సిందేనా?

కోనసీమ తోట:
అక్కర్లేదండీ, పేల్చొచ్చు. చమురు సర్వేలో రెండు సీజన్లు పనిచేశాను. బోరు వేసి అడుగున మందు పెట్టి పైన మట్టితో పూడుస్తాం, కేబుల్ పొడుగునా జియోఫోన్ల (నేల కదలికను పట్టే పరికరాలు) మేకులు నేలలోకి గట్టిగా దిగేలా కాలితో తొక్కుతాం. వదులుగా నిలబెడితే గాలికే ఊగి రికార్డు పాడైపోతుంది. పేల్చే ముందు వాకీటాకీలో చెప్పి గట్టు మీద నడిచేవాళ్లని, ట్రాక్టర్లని ఆపిస్తాం. మేము చూసింది మాత్రం పై కొద్ది కిలోమీటర్లే, మోహో దాకా కాదు.

రాళ్లబాట:
మోహో దాకా కూడా చూశారండీ, అదీ మన నేల మీదే. 1972లో హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు సోవియట్ శాస్త్రవేత్తల సాయంతో నెల్లూరు జిల్లా కావలి నుంచి కర్ణాటకలో ఉడిపి దాకా, ఈ సముద్రం నుంచి ఆ సముద్రానికి దాదాపు 600 కిలోమీటర్ల గీత మీద ఇలాగే పేలుళ్లు జరిపి రికార్డు చేశారు. మన దేశంలో అలాంటి మొదటి సర్వే అదే. మోహో అంతటా ఒకే లోతున లేదని అందులో తేలింది. కాబట్టి 35 అన్నది ఊరూరా ఒకేలా వర్తించే అంకె కాదు, టిబెట్ కిందైతే 70 దాకా ఉంటుంది.
పేలుడు లేకుండా ఇంకో దారి ఉంది. ఎక్కడో దూరదేశంలో భూకంపం వస్తే పి తరంగం మన కిందనుంచి పైకొస్తుంది, మోహో దాటేటప్పుడు అందులో కొంత ఎస్ తరంగంగా మారిపోతుంది. ఎస్ నెమ్మది, అందుకే వెనకబడుతుంది. 35 కిలోమీటర్ల పటలమైతే ఆ ఆలస్యం సుమారు నాలుగు సెకన్లు. తరంగాలు రికార్డు చేసే ఒక్క యంత్రం పెట్టుకుని ఓపిగ్గా కూర్చుంటే దాని కింద మందం తెలుస్తుంది.
నానీ, ఆ రోజు కుదుపు ఒక్కసారే వచ్చిందా, రెండుసార్లా?

ఓరుగల్లు నాని:
ఇప్పుడే అమ్మని అడిగాను అన్నా. ముందు గిన్నెల చప్పుడు వినిపించిందట, స్టవ్ నాబ్ తిప్పి గడప దాకా వచ్చాక అసలు ఊపు తగిలిందట.

రాళ్లబాట:
ముందు వచ్చింది పి, గడప దగ్గర తగిలింది ఎస్. ఆ రెండింటి మధ్య సెకన్లని ఎనిమిదితో గుణిస్తే భూకంపం ఎన్ని కిలోమీటర్ల దూరంలో వచ్చిందో ఉజ్జాయింపుగా వస్తుంది. అమ్మగారు వంటింటి నుంచి గడప దాకా రావడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఓసారి చూసి ఇక్కడ పెట్టు.