ఈసీజీలో 2, 3 లీడ్లు గజిబిజిగా వస్తున్నాయి: వైరు పోయిందా, మెషినా?

దేవరకొండ దగ్గర చిన్న క్లినిక్‌లో ఈసీజీలు తీస్తుంటాను. ఈ మధ్య 2, 3, ఏవీఎఫ్ లీడ్లలో గీత రంపపు పళ్లలా పడుతోంది. కాగితం స్పీడు సెకనుకు 25 మి.మీ. పెడితే పెద్ద గడికి సరిగ్గా 10 పళ్లు, అంటే 50 హెర్ట్జ్ కరెంటు గోలే. ఏవీఆర్, ఏవీఎల్‌లలో సగమే ఉంది. రెండు చేతుల మధ్య తీసే లీడ్ 1 మాత్రం శుభ్రంగా ఉంది కాబట్టి తేడా ఎడమ కాలి వైపే.

స్పిరిట్‌తో తుడిచి జెల్ రాశాను, క్లిప్ మార్చాను. ఫ్యాను, కూలరు ఆపి బ్యాటరీ మీద కూడా తీసి చూశాను. ఫిల్టర్ వేస్తే కనబడదు గానీ ఆ దాపరికం నాకు నచ్చదు. పసుపు (ఎడమ చేయి), ఆకుపచ్చ (ఎడమ కాలు) వైర్లు పేషెంటు దగ్గర తారుమారు చేసినా గోల 2, 3లోనే ఉంది, కాబట్టి చర్మం సంగతి కాదు.

చేతిలో మల్టీమీటర్ ఉంది, ఇంకో కేబుల్ లేదు. ఆకుపచ్చ వైరు లోపల తెగిందా, మెషిన్‌లో ఆ ఇన్‌పుట్టే పోయిందా, ఎట్లా తేల్చుకోవాలి?