మా నాన్నకి నడవడానికి చోటే లేదు, ఏం చేయమంటారు?

అందరికీ నమస్తే, ఒక సలహా కావాలండి. మా నాన్నకి 64, షుగరూ బీపీ రెండూ ఉన్నాయి, ఆర్నెల్ల కింద తెనాలి నుంచి హైదరాబాద్ నిజాంపేటలో మా ఫ్లాట్‌కి వచ్చేశారు. అక్కడైతే తెల్లారేసరికి కాలవ గట్టు మీద నాలుగైదు కిలోమీటర్లు తిరిగొచ్చేవారు, దార్లో టీ, నలుగురితో కబుర్లు, ఆయనకి అదే మందు. ఇక్కడికొచ్చాక ఫాస్టింగ్ షుగర్ 120 నుంచి 170కి పోయింది. డాక్టరేమో వారానికి 150 నిమిషాలు నడవాల్సిందే అంటారు, ఎక్కడ నడవాలో చెప్పరు మరి!

మా వీధిలో ఫుట్‌పాత్ ఉంది, పేరుకి. మొదట్లో ట్రాన్స్‌ఫార్మర్, తర్వాత బజ్జీల బండి, ఆ తర్వాత వరసగా బైకులు, అంచు మోకాలెత్తు ఉంటుంది, ఎక్కి దిగలేక ఆయన రోడ్డు మీదే నడుస్తుంటే వెనక నుంచి ఆటోవాడు హారన్. పైగా కుక్కలు. పార్కుకి పోదామంటే మెయిన్ రోడ్డు దాటాలి, సిగ్నల్ లేదు. టెర్రస్ మీద ట్యాంకుల చుట్టూ తిరిగితే కళ్ళు తిరుగుతున్నాయంటున్నారు.

రోడ్లు ఎలా కట్టాలో ప్రమాణాలు పెట్టే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రూల్ ప్రకారం ఫుట్‌పాత్ మీద కనీసం 1.8 మీటర్లు ఖాళీగా వదలాలట. ఇది చూపించి మీ కాలనీలో ఎవరైనా పని చేయించుకున్నారా? అర్జీ కాలనీ అసోసియేషన్ తరఫున పెట్టాలా, విడిగా పెట్టినా పట్టించుకుంటారా? బజ్జీలాయన పొట్ట కొట్టడం నాకిష్టం లేదు, బైకులు తీయిస్తే చాలు. ఈలోపు ఇంట్లోనే నడిపిస్తున్నవాళ్ళు ఎలా చేస్తున్నారో కూడా చెప్పండి ప్లీజ్.