అప్‌డేట్: చేతి వాపుకి నీళ్లలో వ్యాయామం, మసాజ్

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులు తీసేశాక ఎడమ చెయ్యి వాచిందని, స్విమ్మింగ్ పూల్‌లో దిగొచ్చా, మసాజ్ నాకు నేనే చేసుకోవచ్చా అని ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. లింఫెడిమాలో (లింఫ్ ద్రవం బయటికి పోలేక పేరుకుని వచ్చే ఇలాంటి వాపు) శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్ట్‌ని కలిసి రెండూ మొదలుపెట్టాను.

ముందు నీళ్ల సంగతి. లోతు పెరిగేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది. మెడ దాకా నీళ్లలో నిలబడి చెయ్యి కిందికి వదిలేస్తే వేళ్ల దగ్గర ఎక్కువ, భుజం దగ్గర తక్కువ నొక్కు పడుతుంది. కంప్రెషన్ స్లీవ్ (వాపు తగ్గడానికి చేతికి వేసుకునే బిగుతైన తొడుగు) చేసే పనీ ఇదే. ఈత రాకపోయినా ఫర్వాలేదు. నెమ్మదిగా చెయ్యి చాపడం, ముడవడం, మధ్యమధ్యలో గాఢంగా ఊపిరి తీసుకోవడం, అంతే. బాగా వేడిగా ఉన్న నీళ్లు మాత్రం వద్దన్నారు, వాపు పెరగొచ్చట. బయటికొచ్చాక ఒళ్లు తుడుచుకుని, క్రీమ్ రాసి, అది ఇంకాక స్లీవ్ వేసుకోవాలి. తడి చేతికి దాన్ని ఎక్కించడం పెద్ద యుద్ధమే!

మసాజ్ అంటే పిసకడం కాదు. చర్మం కాస్త జరిగేంత ఒత్తిడి చాలు. ముందు మెడ, తర్వాత ఆపరేషన్ జరగని వైపు చంక, ఆపైన వాచిన చేతి భుజం, చివరికి ముంజేయి. పైన దారి ఖాళీ అయితేనే కింది ద్రవానికి చోటు. చెయ్యి ఎర్రబడి వేడెక్కినా, జ్వరమొచ్చినా ఇన్ఫెక్షన్ కావచ్చు, మసాజ్ ఆపేసి వెంటనే డాక్టర్‌కి చూపించాలి.

సాయంత్రాలు చేతిలో ఉండే బరువు తగ్గింది. టేపు కొలతల్లో తేడా కొంచెమే. పూల్ నీళ్లకి చర్మం బాగా పొడిబారుతోంది, మీరెవరైనా దానికి ఏం వాడుతున్నారు?