తల దెబ్బ తగిలిన పిల్లల్లో మూడో వంతు ఫాలో-అప్‌కి రాకపోతే ఆ స్టడీ పనికిరాదా?

పిల్లలవార్డు:
అందరికీ నమస్తే. నేను పీడియాట్రిక్స్ పీజీ, ఫైనలియర్. తలకి దెబ్బ తగిలి మా వార్డులో చేరిన పిల్లలు ఏడాది తర్వాత ఎలా ఉన్నారు, చదువు, నిద్ర, కోపం, ఒకచోట కుదురుగా కూర్చోవడం ఇవన్నీ చూడటం నా థీసిస్. మేడ మీంచి పడ్డవాళ్ళు, బైక్ ట్యాంకు మీద ముందు కూర్చుని పడ్డవాళ్ళు, చీర ఉయ్యాల తెగి పడ్డ చంటిపిల్లలు అందరూ ఉన్నారు. ఏడాది తిరిగేసరికి మూడో వంతు మంది రాలేదు. మొన్న ప్రజెంటేషన్‌లో ఒక సార్ రెండో స్లైడ్ దగ్గరే ఆపేసి "20 శాతం దాటింది కదమ్మా, ఇంకేం చెప్తావు" అన్నారు. ఆయన చెప్పింది వైద్య పరిశోధనల్ని ఎలా బేరీజు వెయ్యాలో చెప్పిన డాక్టరు డేవిడ్ సాకెట్ వాళ్ళ పాత లెక్క, 5 శాతం లోపు తప్పిపోతే పర్లేదు, 20 దాటితే ఫలితం నమ్మడం కష్టం అని. నాకు ఆ లెక్క మింగుడుపడట్లేదు. ఎవరు రాలేదో ఎందుకు రాలేదో అడక్కుండా శాతం ఒక్కటే చూసి పక్కన పడేయడం ఏంటి? మీరేమంటారో నిజాయితీగా చెప్పండి, నాది తప్పైతే తప్పనే చెప్పండి.

లెక్కల_పంతులు:
డాక్టరు గారూ, మీ అనుమానం సరైందే, కానీ దాంతో మీ పని తేలికవ్వదు, ఇంకా కష్టమవుతుంది. ఒక ఉత్తుత్తి లెక్క వేసుకుందాం. దెబ్బ తగిలిన పిల్లలు 200 మంది, వాళ్ళలో 80 మందికి ఏకాగ్రత ఇబ్బంది ఉంది, అంటే 40 శాతం. ఇప్పుడు 60 మంది రాలేదు, అంటే 30 శాతం డ్రాపౌట్. అన్ని రకాల వాళ్ళూ సమానంగా మానేస్తే మిగిలిన 140లో 56 మందికి ఇబ్బంది, అదే 40 శాతం, ఏ నష్టం లేదు. అదే ఇబ్బంది ఉన్నవాళ్ళు 45 మంది, బాగున్నవాళ్ళు 15 మంది మానేశారనుకోండి, 140లో 35 మిగిలారు, 25 శాతం అయిపోయింది. తిరగేసి బాగున్నవాళ్ళు 50 మంది "ఇంకెందుకులే" అని మానేసి, ఇబ్బంది ఉన్నవాళ్ళు 10 మందే పోయారంటే 140లో 70, సరిగ్గా సగం. మూడు సార్లూ డ్రాపౌట్ 30 శాతమే. ఫలితం మాత్రం 25 నుంచి 50 దాకా ఊగింది. కాబట్టి 20 అనే గీతలో మహత్యం ఏమీ లేదు, కానీ మీ మూడో వంతు ఈ మూడింట్లో ఏ రకమో మీకు తెలుసా? తెలియకపోతే మీ సార్ మాటకి మీ దగ్గర జవాబు లేనట్టే.

పిల్లలవార్డు:
తెలియదు. అదే నా బాధ. వార్డులో చూసినదాన్నిబట్టి రెండు చివర్ల నుంచీ మానేస్తారనిపిస్తోంది, బాగా దెబ్బతిన్నవాళ్ళు తిరగలేక, పూర్తిగా కోలుకున్నవాళ్ళు అవసరం లేక. మధ్యలో వాళ్ళే మాకు దొరుకుతారు.

దక్షిణ_గాలి:
నేను న్యూజిలాండ్‌లో ఉంటా కాబట్టి ఇక్కడి సంగతి చెప్తా. డునెడిన్ అనే ఊరి పేరు మీద డునెడిన్ స్టడీ అని, 1972 ఏప్రిల్ నుంచి 1973 మార్చి మధ్య ఆ ఊళ్ళో పుట్టిన పిల్లలు, మూడేళ్ళ వయసులో 1037 మందితో మొదలైంది. వాళ్ళకి 45 ఏళ్ళు వచ్చాక బతికున్న 997 మందిలో 938 మంది వచ్చారు, 94 శాతం! ఎక్కడో వేరే దేశంలో సెటిలైనవాళ్ళకి కూడా ఖర్చు పెట్టుకుని రప్పిస్తారు. క్రైస్ట్‌చర్చ్‌లో ఇంకోటి ఉంది, 1977లో పుట్టిన 1265 మంది పిల్లలు, చిన్నప్పుడు తలకి మామూలు దెబ్బ తగిలినవాళ్ళు తర్వాత ఎలా ఉన్నారో అందులోంచి చూశారు. అక్కడ గొప్ప సంగతేంటంటే పుట్టినప్పట్నుంచీ చూస్తున్న పిల్లలు కాబట్టి దెబ్బ తగలక ముందు ఎలా ఉండేవాడో కూడా పుస్తకంలో ఉంటుంది. హాస్పిటల్లో మొదలైన స్టడీకి ఆ అదృష్టం లేదు, ముందే దుడుకు పిల్లాడా, దెబ్బ వల్ల దుడుకయ్యాడా అన్నది తల్లి చెప్తేనే తెలియాలి, ఆ తల్లే రాకపోతే అదీ పోయింది. కాబట్టి లెక్కలతో సర్దుబాట్లు చేసే బదులు మనుషుల్ని తీసుకురావడం మీద డబ్బు పెట్టాలన్నది నా మాట, ఆ పని చెయ్యకుండా ఎన్ని సాకులు చెప్పినా ఒప్పుకోను.

సర్వేబండి:
అన్నా, డునెడిన్ వేరే, మా అనంతపురం వేరే. ఇరవై ఏండ్లు ఇంటింటి సర్వేలు చేసినోన్ని, పిల్లల సర్వేలే ఎక్కువ. వేరుశనక్కాయ పని అయిపోయినాక ఊర్లకి ఊర్లే బెంగళూరుకి పోతాయి, అప్పుడు పోతే తాళాలే కనబడతాయి. అందుకని మేము పీర్ల పండక్కో ఉగాదికో పోతాంటిమి, ఎక్కడున్నోళ్ళైనా ఆ నాలుగు దినాలు ఇంటికొస్తారు. అంగడాయప్పని అడుగుతాం, అంగన్‌వాడీ టీచరమ్మని అడుగుతాం, అట్లా ఎంతోమందిని పట్టుకున్నాం, కాబట్టి మన దగ్గర కుదరదు అనేది కూడా నేను ఒప్పుకోను.

కానీ ఒక సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ చెప్తా. ఒక ఇంట్లో పిలగాడు ట్రాక్టర్ మీద నుంచి పడినాడు, ముందు రౌండులో ఆ దెబ్బ లేదు. రెండోసారి పోతే బయట తాళం వేసుంది, కానీ లోపల పొయ్యి మీద ఏందో మాడుతున్న వాసన వస్తాంది. పక్క సందులో నుంచి చూస్తే కిటికీ దగ్గర ఆ పిలగాడు, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడమచేత్తో అన్నం తింటాండాడు. నన్ను చూసి "అమ్మ లేదని చెప్పమంది" అన్నాడు. ట్రాక్టర్ ఎవరిదో, తోలింది ఎవరో మేము అడుగుతామని వాళ్ళ భయం, తోలింది సొంత మేనమామే అని తర్వాత తెలిసె. నేనేం రాసినా తెలుసా? మా ఫారంలో మూడే కోడ్‌లు, ఇల్లు తాళం, వలస, ఒప్పుకోలేదు. చీకటి పడతాంది, ఇంకా నాలుగిండ్లు ఉండాయి, "ఇల్లు తాళం" అని రాసేస్తి. ఆ కాగితం చూసినోళ్ళకి వాళ్ళు వలస పోయినోళ్ళ లెక్కే. ఆ చెయ్యి ఏ లెక్కలోకీ రాలేదు.

లెక్కల_పంతులు:
సర్వేబండి గారూ, ఇది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. మీరు చెప్పింది ఈ చర్చకి గుండెకాయ, ఎందుకో చెప్తా.

మేము వాడే సర్దుబాటు ఇలా ఉంటుంది. మొదటి రౌండులో అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు, తల్లి చదువుకోనివాళ్ళు, ఇలాంటివాళ్ళు ఎక్కువగా మానేశారని తెలిస్తే, వచ్చినవాళ్ళలో అలాంటి కుటుంబాల పిల్లలకి ఎక్కువ బరువు ఇస్తాం, రానివాళ్ళ తరఫున కూడా వాళ్ళే మాట్లాడినట్టు. మానెయ్యడానికి కారణం మన పుస్తకంలో ఉన్నంతవరకూ ఇది బాగా పనిచేస్తుంది. 1976లో డొనాల్డ్ రూబిన్ అనే గణాంక శాస్త్రవేత్త ఈ తేడాలు విడదీశాడు, యాదృచ్ఛికంగా పోవడం, మనకి తెలిసిన కారణాల వల్ల పోవడం, మనం కొలవాలనుకున్న ఇబ్బంది వల్లే పోవడం. మూడో రకం వస్తే బరువులు చాలవు, ఇక ఏదో ఒకటి ఊహించుకుని లెక్క కట్టాల్సిందే. మీ ట్రాక్టర్ పిల్లాడు అచ్చంగా మూడో రకం, కానీ కాగితం మీద రెండో రకంలాగా కనిపిస్తున్నాడు.

అయినా నిరాశ అక్కర్లేదనే వైపు కూడా చెప్పాలి. ఇంగ్లాండులో ఏవన్ ప్రాంతంలో 1991-92లో మొదలై, అక్కడి పిల్లల్ని ఏళ్ళ తరబడి చూసిన పెద్ద స్టడీ మీద డీటర్ వోల్కే అనే పరిశోధకుడి బృందం 2009లో ఇదే ప్రశ్న వేసింది. కష్టాల్లో ఉన్న కుటుంబాలే ఎక్కువగా మానేశాయి, దానివల్ల ప్రవర్తన సమస్యలు ఎంతమందికి ఉన్నాయన్న సంఖ్య తగ్గి కనిపించింది, కానీ దేనికీ దేనికీ సంబంధం ఉందన్న లెక్క పెద్దగా మారలేదు. ఎందుకో నా పాత ఉదాహరణలోనే చూడండి. దెబ్బ తగలని పిల్లలు ఇంకో 200, వాళ్ళలో 40 మందికి ఇబ్బంది. రెండు గుంపుల్లోనూ ఇబ్బంది ఉన్నవాళ్ళలో సగం మంది మానేశారనుకుంటే ఒకవైపు 40కి 120, ఇంకోవైపు 20కి 160 మిగులుతారు. ఇబ్బంది ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ నిష్పత్తి రెండు గుంపుల్లో ఎంత తేడా అంటే ముందూ (80/120ని 40/160తో భాగిస్తే) 2.67 రెట్లు, తర్వాతా (40/120ని 20/160తో భాగిస్తే) 2.67 రెట్లే. శాతాలు మారాయి, పోలిక మారలేదు.

పిల్లలవార్డు:
పంతులు గారూ, ఆ లెక్క నిలబడాలంటే రెండు గుంపుల్లోనూ ఒకేలా మానెయ్యాలి కదా. దెబ్బ తగిలిన పిల్లాడి తల్లి మానేసే కారణం, మామూలు పిల్లాడి తల్లి మానేసే కారణం ఒకటెలా అవుతాయి? మామూలు పిల్లాడి ఇంట్లో దాచాల్సింది ఏముంటుంది?

లెక్కల_పంతులు:
కరెక్ట్. అక్కడ నేను ఒప్పుకుంటున్నా.

బాబు_వాళ్ళమ్మ:
ఇక్కడ డాక్టర్లే మాట్లాడుకుంటున్నారు, నేను రాయొచ్చో లేదో. మా బాబు రెండేళ్ళప్పుడు మంచం మీంచి పడ్డాడు, కుట్లు పడ్డాయి, రెండు రోజులు ఉంచారు. వాళ్ళు కూడా ఇలాగే మూణ్ణెల్లకోసారి రమ్మన్నారు. రెండుసార్లు వెళ్ళాను, తర్వాత మానేశాను. బాబు బానే ఉన్నాడు. కానీ వెళ్ళిన ప్రతిసారీ కొత్త డాక్టరు, ప్రతిసారీ మొదటి ప్రశ్న ఒకటే, "ఎలా పడ్డాడు? అప్పుడు మీరెక్కడున్నారు?" నేను వంటింట్లో ఉన్నాను. ఆ మాట మా అత్తగారి ముందు ఎన్నిసార్లు చెప్పాలండి?

పిల్లలవార్డు:
అక్కా, తప్పకుండా రాయాలి మీరు. ఆ ప్రశ్న మా ఫారంలో కూడా మొదటి పేజీలోనే ఉంది. చేరిన రోజు రాసుకున్నదాన్నే ప్రతిసారీ మళ్ళీ అడుగుతున్నాం. రేపే తీసేస్తా.

ఉత్తరపు_కిటికీ:
మనుషుల్ని రప్పించకుండానే చేసే దారి ఒకటి ఉంది కదా. స్వీడన్‌లో 1973 నుంచి 1985 మధ్య పుట్టిన 11 లక్షల పైచిలుకు మంది ప్రభుత్వ రికార్డులు కలిపి చూశారు, ఆ పేపర్ 2016లో వచ్చింది. 25 ఏళ్ళ లోపు తలకి దెబ్బ తగిలినవాళ్ళు 9 శాతం, దెబ్బ తగలని సొంత తోబుట్టువులతో పోల్చినా తర్వాతి జీవితంలో ఇబ్బందులు ఎక్కువే తేలాయి. ఎవరినీ క్లినిక్‌కి రమ్మని అడగలేదు, ఇంక డ్రాపౌట్ మాటెక్కడ?

పిల్లలవార్డు:
అది చాలా గట్టి స్టడీ, చదివాను. కానీ రికార్డుకెక్కేది రికార్డులో ఉన్నదే, వికలాంగ పింఛను, మానసిక వైద్యం కోసం హాస్పిటల్లో చేరడం, చదువు ఆగిపోవడం లాంటివి. రాత్రి ఉలిక్కిపడి లేస్తున్నాడన్నది ఏ రిజిస్టరులో ఉంటుంది? ఇక మన దగ్గర ఊళ్ళో ఆర్ఎంపీ కుట్లు వేసి పంపిన పిల్లాడు దెబ్బ తగిలినవాళ్ళ లిస్టులోకే రాడు.

లెక్కల_పంతులు:
మన దగ్గర కుదరదన్నవాళ్ళ కోసం ఒక ముక్క. యంగ్ లైవ్స్ స్టడీ 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3000 మంది పిల్లలతో మొదలైంది, అనంతపురం, కడప, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్. వలసపోయిన పిల్లల్ని వెతుక్కుంటూ వెళ్ళి ఏళ్ళ తరబడి చాలామందిని నిలుపుకున్నారు, పెద్ద పిల్లల దెబ్బల మీద కూడా అందులోంచే రాశారు. సర్వేబండి గారి లాంటివాళ్ళ కాళ్ళ మీద నడిచిన పని అది, పేపర్లలో వాళ్ళ గురించి ఒక్క లైనుకి మించి ఉండదు.

పిల్లలవార్డు:
అప్‌డేట్. మూడు రోజులుగా డ్యూటీ అయ్యాక రానివాళ్ళకి ఫోన్లు చేస్తున్నా. మా రిజిస్టరులో వాళ్ళ పేర్ల పక్కన ఎర్ర పెన్నుతో "రాలేదు" అని ఉంది, అంతే. ఒక నంబర్ చేస్తే ఆటో అన్న ఎత్తాడు, ఆ రోజు రాత్రి వాళ్ళని తీసుకొచ్చింది ఆయనే, వాళ్ళ దగ్గర ఫోన్ లేక ఆయన నంబర్ ఇచ్చారంట, ఇల్లు తనకి తెలుసని, వెళ్ళి మాట్లాడిస్తానన్నాడు. ఇంకొకావిడ "బాగున్నాడమ్మా, బడికి పోతున్నాడు, కూలి పోగొట్టుకుని ఎందుకని రాలా" అంది. ఇంకో నాన్న చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "పాపకి ఫిట్స్ వస్తున్నాయి, మీ దగ్గరకే రావాలని మాకు తెలీదు" అన్నాడు. సోమవారం తీసుకురమ్మన్నాను, బస్సు చార్జీ నేనిస్తానన్నా.

పంతులు గారూ, ఫోన్లో తెలిసింది వార్డులో పరీక్ష చేసి చూసినదాంతో కలిపెయ్యొచ్చా?

లెక్కల_పంతులు:
కలపకండి, వేరే కాలమ్ పెట్టండి. కారణం వాళ్ళ మాటల్లోనే రాసుకోండి, కోడ్ తర్వాత వేద్దాం. అప్పటికీ దొరకనివాళ్ళకి ఒకసారి అందరికీ ఇబ్బంది ఉందనుకుని, ఒకసారి ఎవరికీ లేదనుకుని రెండు లెక్కలు వేసి రెండూ థీసిస్‌లో చూపించండి. ముందు ఆ ఫిట్స్ పాప సంగతి చూడండి.

సర్వేబండి:
డాక్టరమ్మా, ఫోన్ ఎత్తనోళ్ళ ఊర్లు చెప్పు. అనంతపురం, హిందూపురం పక్కవైతే నేను పోయొస్తా.