ప్లగిన్ల నుంచి క్లాసులే తెచ్చుకోవాలా, సీ ఫంక్షన్లతో సరిపెట్టుకోవాలా?

కొత్తబిల్డ్:
లైనక్స్‌లో నడిచే ఫొటో ఎడిటర్ ఒకటి సీ ప్లస్ ప్లస్‌లో రాస్తున్నాం. ఒక్కో ఫిల్టర్ ఒక్కో ప్లగిన్, అంటే విడిగా లోడయ్యే డాట్ ఎస్‌ఓ లైబ్రరీ ఫైలు. ప్రోగ్రామ్ నడుస్తుండగా డీఎల్‌ఓపెన్‌తో తెరుస్తాం. డీఎల్‌సిమ్‌కి ఫంక్షన్ పేరు చెబితే దాని అడ్రస్ ఇస్తుంది, అంతే. క్లాస్ అంటే ఏంటో దానికి తెలియదు. అందుకని హోస్ట్‌లో, అంటే అసలు ఎడిటర్‌లో, అన్నీ ప్యూర్ వర్చువల్ ఫంక్షన్లున్న (ప్లగినే నింపాల్సిన) బేస్ క్లాస్ పెట్టాం. ప్లగిన్‌లో ఎక్స్‌టర్న్ సీ పెట్టిన (సీ లోలాగే పేరు మారకుండా ఉండే) క్రియేట్ ఫంక్షన్ ఉంటుంది, అది ఆబ్జెక్ట్ తయారుచేసి బేస్ పాయింటర్ ఇస్తుంది. బాగానే నడుస్తోంది. మా సీనియర్ మాత్రం రివ్యూలో "క్లాసులు లైబ్రరీ దాటి రాకూడదు, స్ట్రక్ట్‌లో ఫంక్షన్ పాయింటర్లు పెట్టండి" అని మొత్తం వెనక్కి పంపారు. ఈ రోజుల్లో కూడా ఇంత చాదస్తం అవసరమా?

వీటేబుల్_వీరుడు:
మీరు చేసిందే కరెక్టండీ. వర్చువల్ కాల్ అంటే వీటేబుల్‌లో, అంటే క్లాస్ వర్చువల్ ఫంక్షన్ల అడ్రస్‌ల పట్టికలో, ఫలానా గడిలో ఉన్న అడ్రస్‌కి దూకడమే. మీ సీనియర్ చేత్తో రాయమంటున్న స్ట్రక్ట్‌ని కంపైలర్ ఊరికే రాసిపెడుతోంది. లైనక్స్‌లో జీసీసీ, క్లాంగ్ కంపైలర్లు రెండూ ఆ పట్టిక అమరికకి ఒకే నియమాలు, ఇటానియం ఏబీఐనే పాటిస్తాయి. హోస్ట్‌లో మాత్రం డిలీట్ కొట్టకండి. రేపు విండోస్‌కి వెళ్తే డీఎల్ఎల్‌కో (అక్కడి ప్లగిన్ ఫైలుకో) హీప్, ఈఎక్స్ఈకో హీప్ ఉండొచ్చు, ఒకరి హీప్‌లో తీసుకున్న మెమరీని ఇంకొకరు విడిపించకూడదు. డిస్ట్రాయ్ ఫంక్షన్ కూడా ప్లగినే ఇవ్వాలి.

పాత_కోర్‌డంప్:
ఊరికే రాసిపెడుతుంది, ఊరికే కూలుస్తుంది కూడా. ఒకసారి బయటి టీమ్ ఇచ్చిన ప్లగిన్ మొదటి కాల్‌కే పడిపోయింది. రెండు రోజులు జీడీబీ డీబగ్గర్ ముందు కూర్చుంటే తేలిందేంటంటే, వాళ్లు పాత స్ట్రింగ్ సెట్టింగ్‌తో బిల్డ్ చేశారు. 2015లో జీసీసీ 5తో స్ట్రింగ్ అమరిక మారింది. 64 బిట్‌లో పాతది 8 బైట్లు, కొత్తది 32. మామూలు ఫంక్షన్ అయితే మాంగిల్ అయిన పేరులోనే (కంపైలర్ ఆర్గ్యుమెంట్ల రకాలు కలిపి తయారుచేసే పేరు) ఆ తేడా ఉంటుంది కాబట్టి "ఈ సింబల్ లేదు" అని లోడ్ దగ్గరే ఆగిపోయేది. వర్చువల్ కాల్‌లో పేరు వెతకడమే ఉండదు, గడి నంబరు చూసి దూకుతుంది. వాకిట్లో కాపలా పెట్టి పెరటి తలుపు తీసిపెట్టినట్టు.

వీటేబుల్_వీరుడు:
అది స్ట్రింగ్ చేసిన తప్పు, క్లాస్‌ది కాదు. ఇంట్లు, పాయింటర్లు మాత్రమే పంపించుకుంటే ఏ గొడవా లేదు. వేర్వేరుగా బిల్డ్ అయిన ముక్కల్ని కలిపే మైక్రోసాఫ్ట్ కామ్ 1993 నుంచి వీటేబుళ్ల మీదే నడుస్తోంది కదా.

పాత_కోర్‌డంప్:
కామ్‌లో సీ ప్లస్ ప్లస్ స్ట్రింగ్ దాటదు, ఎక్సెప్షన్ దాటదు. అవన్నీ తీసేశాక మిగిలేది సీ యే కదండీ! పైగా ఎవరో ఒకరు కొత్త వర్చువల్‌ని హెడర్ మధ్యలో ఇరికిస్తారు. గడులు జరుగుతాయి. పాత ప్లగిన్‌లో అప్లై పిలిస్తే ప్రివ్యూ నడుస్తుంది. ఒక్కోసారి క్రాష్ కూడా అవ్వదు, అదే నా టెన్షన్.

సగం_లింకర్:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. లైబ్రరీని మూసే డీఎల్‌క్లోజ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆబ్జెక్ట్ బతికుండగా లైబ్రరీ మూస్తే వీటేబుల్ దాంతోపాటే పోతుంది, డిస్ట్రక్టర్ పిలిచినా సెగ్‌ఫాల్టే, ప్రోగ్రామ్ పడిపోతుంది. ఫంక్షన్ పాయింటర్లకూ ఇదే గతి, కాబట్టి దీన్ని ఎవరి ఖాతాలోనూ రాయకండి. మేమైతే మూయడమే మానేశాం. మజిల్ అనే లిబ్‌సీలో (లైనక్స్‌కి ఒక సీ లైబ్రరీ) డీఎల్‌క్లోజ్ లైబ్రరీని మెమరీ నుంచి అసలు దించదు, హాయి.

కొత్తబిల్డ్:
ప్రస్తుతం ఫిల్టర్లన్నీ మా రిపోలోనే, ఒకే మెషీన్‌లో బిల్డ్ అవుతాయి. వచ్చే ఏడాది బయటివాళ్లకి కూడా తెరవాలని ఆలోచన.

పాత_కోర్‌డంప్:
ఈ ముక్క ముందే చెప్పాల్సింది! మీ సీనియర్ ఆలోచించింది ఆ రోజు గురించే. లోపల క్లాసులు మీ ఇష్టం, గుమ్మం ఒక్కటే సీ. స్ట్రక్ట్‌లో మొదటి ఫీల్డు దాని సైజు ఉంచండి, కొత్త ఫంక్షన్లు ఎప్పుడూ చివర్లోనే. పాత ప్లగిన్‌లో ఎంతవరకు ఉందో హోస్ట్‌కి తెలిసిపోతుంది. దాని మీద చిన్న ర్యాపర్ హెడర్ రాస్తే మీవాళ్లకి మళ్లీ క్లాసే కనిపిస్తుంది.

వీటేబుల్_వీరుడు:
బయటివాళ్లకైతే ఒప్పుకుంటా. సొంత రిపోలో ఉన్నన్నాళ్లూ ఇది రెండు చేతుల చాకిరీయే అంటాను.

కొత్తబిల్డ్:
ఈ చర్చ సీనియర్‌కి చూపించాను. పాయింటర్ల సంగతి తర్వాత చూద్దాం, ముందు బేస్ క్లాస్ హెడర్‌లో ఆ స్ట్రింగ్ ఎవరు పెట్టారో చూడమన్నారు. ఏ లైను ఎవరు రాశారో చెప్పే గిట్ బ్లేమ్ కొట్టాను. నా పేరే వచ్చింది.