లక్షన్నర పెట్టి ఎంటీబీ కొంటున్నా, ఎక్స్‌టీ గేర్లు చూడాలా ఫోర్కు చూడాలా? (విజయనగరం)

గంట్యాడ_రోడ్డు:
అందరికీ నమస్తే. మాది విజయనగరం టౌనే. ఇన్నాళ్లూ ఒక మామూలు గేర్ సైకిల్ తొక్కేను, ఇప్పుడు కాస్త గట్టి ఎంటీబీ, అదే మౌంటెన్ బైకు, కొందామని డబ్బులు కూడబెట్టేను. పొద్దున్నపూట గంట్యాడ వైపు తారు రోడ్డు, ఆదివారం తాటిపూడి రిజర్వాయరు చుట్టుపక్కల ఎర్రమట్టి బాటలు, కొండ కింద తోటల్లో రాళ్ల దారులు, వీలైనప్పుడు ఎస్.కోట నుంచి అనంతగిరి ఘాటు ఎక్కి దిగడం, ఇదీ నా తొక్కుడు. జంపులూ అవీ ఏమీ లేవు. హైటు 5.8, బరువు 82 కిలోలు.

మూడు బైకుల దగ్గర ఆగిపోయేను.

మొదటిది 1,48,000. అల్యూమినియం హార్డ్‌టైల్ (ముందే సస్పెన్షన్, వెనక లేదు), వెనక డీరైలర్ (చైనుని గేరు నుంచి గేరుకి జరిపేది) షిమానో ఎక్స్‌టీ 12 స్పీడ్, ఫోర్కు (ముందు సస్పెన్షన్) రాక్‌షాక్స్ జూడీ 100 ఎంఎం, రెండు చక్రాలకీ క్విక్ రిలీజే (లివరు తిప్పి ఊడదీసే సన్న ఇరుసు), బ్రేకులు షిమానో ఎంటీ200.

రెండోది 1,62,000. ఇదీ అల్యూమినియం హార్డ్‌టైలే, గేర్లన్నీ డియోర్ 12 స్పీడ్, ఫోర్కు రీకాన్ 120 ఎంఎం, రెండు చక్రాలకీ థ్రూ యాక్సిల్ (హబ్బులోంచి దూర్చి బిగించే లావు ఇరుసు), బ్రేకులు నాలుగు పిస్టన్లవి ఎంటీ420.

మూడోది వైజాగ్‌లో ఒకాయన అమ్ముతున్న కార్బన్ ఫుల్ సస్పెన్షన్, 2019 మోడల్, శ్రామ్ జీఎక్స్ గేర్లు, 1,70,000 చెప్తున్నారు, బిల్లు లేదంట.

నా డౌటు ఏటంటే, షిమానోలో ఎక్స్‌టీఆర్ తర్వాత ఎక్స్‌టీయే కదా, అది ఉన్న బైకు తక్కువకి వస్తుంటే అంతకన్నా కింద గ్రేడు డియోర్ ఉన్నదానికి 14 వేలు ఎక్కువ ఎందుకు పెట్టాలో నాకు బుర్రకెక్కట్లేదు. షాపతను కూడా ఎక్స్‌టీ ఎక్స్‌టీ అని ఒకటే చెప్తున్నాడు. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

తాటిపూడి_గట్టు:
తమ్ముడూ, ముందు ఆ ఎక్స్‌టీ పేరు పక్కన పెట్టు. వెనక డీరైలర్ ఒక్కటి పై గ్రేడుది వేసి మిగతావన్నీ కింద గ్రేడువి వెయ్యడం చాలా కంపెనీలు చేసే పనే, ఎందుకంటే కొనేవాడి కన్ను ముందు దాని మీదకే వెళ్తాది, షాపులో నిలబడి చూస్తే కనబడేది అదే కాబట్టి. షిఫ్టరు (హ్యాండిల్ మీద గేరు మార్చే మీట) ఏంటి, క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) ఏంటి, చైను ఏంటి, హబ్బు ఏంటి అని అడిగేవా? రేపు వెళ్లి ఇవి నాలుగూ రాసుకుని రా.

నా లెక్క ఒకటే. రేపు మార్చుకోలేని వాటికి ఇవాళ డబ్బు పెట్టాలి, అరిగిపోయేవాటిని అరిగినప్పుడు చూసుకోవచ్చు. డీరైలర్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, రెండు బోల్టుల పని. ఫ్రేము మార్చలేవు. ఫ్రేములో వెనక యాక్సిల్ 12×148 (12 ఎంఎం లావు, 148 ఎంఎం వెడల్పు) ఉందా, ముందు హెడ్‌ట్యూబ్ (ఫోర్కు గొట్టం దూరే చోటు) టేపర్డ్‌దా, అంటే కింద లావు పైన సన్నమా, కేబుల్ లోపల్నుంచి వెళ్లి డ్రాపర్ పోస్టు (తొక్కుతూనే సీటు దించుకునే గొట్టం) పెట్టుకునే దారి ఉందా, ఇవి ఫ్యాక్టరీలో తేలిపోయిన సంగతులు.

ఇప్పుడు మొదటి బైకుతో ఏమవుతాదో చూడు. ఏడాది తొక్కేక జూడీ ఫోర్కు చాలట్లేదనిపించి మంచి ఫోర్కు వేద్దామనుకుంటావు. ఈరోజు వచ్చే మంచి ఎయిర్ ఫోర్కులు దాదాపు అన్నీ 15×110 థ్రూ యాక్సిల్‌వే. నీ ముందు చక్రం 9 ఎంఎం క్విక్ రిలీజ్ హబ్బు, అది అందులో పట్టదు. అంటే ఫోర్కుతో పాటు ముందు చక్రం కూడా కొనాలి. హెడ్‌ట్యూబ్ పాతరకం సన్న స్ట్రెయిట్‌దైతే ఆ ఫోర్కు అసలు ఎక్కనే ఎక్కదు. వెనక మంచి చక్రం వేద్దామన్నా అదే గోల, ఇప్పటి మంచి హబ్బులు ఎక్కువగా 148కే వస్తున్నాయి. 14 వేలు మిగిలాయనుకున్నది అక్కడ రెండింతలు పోతాది.

ఇంక ఫోర్కు. జూడీలో పై గొట్టాలు, అదే స్టాంచియన్లు, ఎక్కువగా 30 ఎంఎం. రీకాన్‌లో 32. అంకెలో తేడా చిన్నదే గానీ 82 కిలోల మనిషి రాళ్లలో ముందు బ్రేకు నొక్కి మలుపు తిప్పుతుంటే ఆ సన్నగొట్టాలు, క్విక్ రిలీజు కలిసి ముందు చక్రం పక్కకి వంగుతున్నట్టు చేతుల్లోకి తెలుస్తాది. థ్రూ యాక్సిల్ ఉంటే హ్యాండిల్ ఎటు తిప్పితే చక్రం అటే పోతాది. తాటిపూడి దగ్గర వాన వెలిసేక రాళ్లు బయటపడిన వాలు ఉంటాది చూడు, అక్కడ ఈ తేడాకే నేను డబ్బు పెడతాను, గేరు పేరుకి కాదు.

ఇంకోటి, రెండూ ఎయిర్ స్ప్రింగేనా అని కనుక్కో, జూడీలో స్టీలు స్ప్రింగు రకం కూడా ఉంది. గాలిదైతే నీ 82 కిలోలకి సరిపడా గాలి పెట్టుకోవచ్చు, స్టీలు స్ప్రింగుకి ఆ అవకాశం లేదు. బైకు ఎక్కి నిలబడితే 120 ఫోర్కు సుమారు 24 నుంచి 30 ఎంఎం దిగాలి. దానికి షాక్ పంపు వేరే ఉంటాది, అది కూడా బిల్లులో రాయించు.

కళింగపట్నం_గాలి:
మాది శ్రీకాకుళం. పైన అన్న చెప్పిందానికి నేను గేర్ల సంగతి కలుపుతాను.

డియోర్ ఎం6100కీ ఎక్స్‌టీ ఎం8100కీ వెనక డీరైలర్ బరువులో తేడా 30, 40 గ్రాములు. ఒక గుక్కెడు నీళ్లు. పనిలో కూడా తేడా అంతంతమాత్రం, రెండింటికీ క్లచ్ ఉంది, చైను ఊగదు. వేళ్లకి తెలిసేది షిఫ్టరు. ఎక్స్‌టీ షిఫ్టరైతే ఒక్క నొక్కుకి రెండు గేర్లు వదుల్తాది, డియోర్‌ది ఒక్కోటే. అంటే ఎక్స్‌టీ డీరైలరుకి డియోర్ షిఫ్టరు తగిలిస్తే నీ వేలికి డియోరే తెలుస్తాది, ఎక్స్‌టీ ఏటి కనబడదు.

బరువు నిజంగా తగ్గేది క్యాసెట్లో. డియోర్ 10-51 క్యాసెట్ (చిన్న చక్రానికి 10 పళ్లు, పెద్దదానికి 51) సుమారు 590 గ్రాములు, ఎక్స్‌టీ సుమారు 470. మొదటి బైకులో క్యాసెట్ వేరే కంపెనీది 11 పళ్లతో మొదలైందనుకో, అది పాత హెచ్‌జీ ఫ్రీహబ్ (క్యాసెట్ కూర్చునే హబ్బు ముక్క) అన్నమాట. షిమానో 10-51 క్యాసెట్ దాని మీద కూర్చోదు, మైక్రో స్ప్లైన్ ఫ్రీహబ్ కావాలి. కొన్ని హబ్బులకి ఆ ముక్క మార్చుకోవచ్చు, చవక హబ్బులకి దొరకదు. షాపులో చిన్న పళ్లచక్రం లెక్కపెట్టు, 10 ఉన్నాయా 11 ఉన్నాయా, అంతే, సగం సంగతి అక్కడే తెలిసిపోతాది.

మావైపు సముద్రం గాలి బాబూ. బీచ్ రోడ్డున తొక్కి బైకు అలగే ఒగ్గేస్తే బోల్టులకి, చైనుకి తుప్పు తొందరగా పట్టేస్తాది. మీకు విజయనగరంలో అంత ఉండదు గానీ భోగాపురం, చింతపల్లి బీచ్ వైపు వెళ్తే ఇంటికొచ్చేక మంచినీళ్లతో కడిగి, చైను తుడిచి ఆయిలు వెయ్యండి. హై ప్రెషర్ వాటర్ సర్వీసుకి మాత్రం ఇవ్వొద్దు, ఆ నీళ్లు హబ్బు బేరింగుల్లోకి, బాటమ్ బ్రాకెట్లోకి (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) దూరిపోతాయి.

చైను చెకర్ ఒకటి కొనండి. 12 స్పీడ్ చైను 0.5 సాగిందని చూపిస్తే మార్చెయ్యడమే. చైను రేటు భరించొచ్చు, దాన్ని పట్టించుకోకపోతే క్యాసెట్ తినేస్తాది.

సాలూరు_ఘాట్:
మూడో బైకు గురించి ఎవరూ మాట్లాడట్లేదు. నేను ఫుల్ సస్పెన్షన్ తొక్కుతాను, పాచిపెంట వైపు కొండ బాటల్లో దాని సుఖం హార్డ్‌టైల్‌కి రాదు, వెనక చక్రం రాయిని పట్టుకునే పోతాది, నడుం నొప్పి ఉండదు. కొత్తగా కొంటే అలాంటి కార్బన్ బైకు మూడు లక్షల పైమాటే. 1,70,000కి బాగుంటే వదలకూడదనే అంటాను.

అయితే బాగుందో లేదో చూడాల్సినవి చెప్తాను. సీటు పట్టుకుని బైకుని పైకీ కిందకీ కదుపు, వెనక లింకేజీలో టక్కుమని చప్పుడు వస్తే బేరింగులు పోయినట్టు. ఫోర్కు గొట్టాల మీద గోరుతో రాయి, గోరు ఎక్కడైనా తగిలిందంటే గీత పడ్డాది, అక్కడ సీలు చెడి ఆయిలు కారతాది. బాటమ్ బ్రాకెట్ కింద, చైన్‌స్టే దగ్గర కార్బన్ మీద పెయింటు పగుళ్లు టార్చి వేసి చూడు. ఆఖరి సర్వీసు ఎప్పుడని అడుగు. రాక్‌షాక్స్ వాళ్లే 50 గంటల తొక్కుడుకి ఫోర్కు కింద కాళ్లు విప్పి ఆయిలు మార్చమంటారు. 2019 నుంచి ఒక్కసారి కూడా విప్పలేదంటే ఆ ఖర్చు రేటులోంచి తీసెయ్యమను.

తాటిపూడి_గట్టు:
సాలూరు గురువుగారూ, మీరు చెప్పినవి అక్షరాలా నిజం, కానీ మీరు సొంతంగా విప్పుకుని బిగించుకునే మనిషి. ఇతను ఇప్పుడే మామూలు సైకిల్ మీంచి వస్తున్నాడు. వెనక షాకు సీలు కిట్టు, పివట్ బేరింగులు (వెనక లింకేజీ కీళ్లలోవి) మన టౌన్లో దొరకవు, ఆన్‌లైన్లో తెప్పించాలి, బిగించడానికి వైజాగ్ పట్టుకెళ్లాలి. పోతే చాలా కంపెనీలు ఫ్రేముకి ఇచ్చే లైఫ్‌టైం వారంటీ మొదటి ఓనరుకే. బిల్లే లేదంటే కార్బన్ ఫ్రేము పగిలిన రోజు అడగడానికి ఎవరూ ఉండరు. పైగా బిల్లు లేని బైకు ఎవరిదో ఎలగ తెలుస్తాది? ఫ్రేము నంబరు చూపించి ఎక్కడ కొన్నారో చెప్పగలిగితే తప్ప దాని జోలికి పోవద్దనే నా గట్టి మాట. ఇతని తొక్కుడులో సగం తారు రోడ్డు, ఘాటు ఎక్కుడు. దానికి హార్డ్‌టైలే సరి.

సాలూరు_ఘాట్:
బిల్లు మాట ఒప్పుకుంటాను, అది లేకుండా కొనకూడదు. తారు రోడ్డు ఎక్కువైతే హార్డ్‌టైలే కరెక్టు.

బ్రేకుల గురించి ఒక మాట. ఎంటీ200తో వచ్చే రోటర్ (బ్రేకు డిస్కు) మీద రెసిన్ ప్యాడ్ మాత్రమే వాడాలని రాసి ఉంటుంది చాలాసార్లు. అనంతగిరి నుంచి దిగేటప్పుడు బ్రేకులు బాగా వేడెక్కుతాయి, రెసిన్ ప్యాడ్లు ఆ వేడికి పట్టు తగ్గుతాయి, వానాకాలం బురదలో తొందరగా అరిగిపోతాయి కూడా. ఆ రోటర్ మీద మెటల్ ప్యాడ్లు వేస్తే రోటరే అరిగిపోతుంది. కాబట్టి రోటర్ మీద అక్షరాలు చదవండి.

ఆయిలు సంగతి కూడా. శ్రామ్ బ్రేకులు చాలావరకు డాట్ ఆయిలువి, షిమానోవి మినరల్ ఆయిలువి. డాట్ ఆయిలు మన ఊళ్లో ఏ మోటార్ సైకిల్ స్పేర్ పార్టుల షాపులోనైనా దొరుకుతుంది, అది దాని సుఖం. కానీ అది గాలిలో తేమని పీల్చుకుంటుంది, మన కోస్తాలో ఏడాదికోసారి మార్చుకోవడం మంచిది. మినరల్ ఆయిలు తేమ పీల్చదు, అలా ఏళ్లు నడుస్తుంది, కాకపోతే బాటిల్ ఆర్డరు పెట్టుకోవాలి. ఒకదాంట్లో ఇంకోటి పొయ్యనివ్వకండి, మెకానిక్ ఎవరైనా సరే, లోపల సీళ్లు ఉబ్బి బ్రేకు మొత్తం పోతుంది.

గంట్యాడ_రోడ్డు:
అందరికీ చాలా థాంక్స్. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని మళ్లీ షాపుకి వెళ్లేను. మొదటి బైకులో షిఫ్టరు డియోర్, క్యాసెట్ వేరే కంపెనీది, చిన్న పళ్లచక్రం 11. రోటర్ మీద రెసిన్ ప్యాడ్ ఓన్లీ అని ఉంది. హెడ్‌ట్యూబ్ టేపర్డే గానీ ఫోర్కు స్టీలు స్ప్రింగుది. దాంతో దాన్ని ఒగ్గేసేను. వైజాగాయన్ని బిల్లు సంగతి మళ్లీ అడిగితే సరైన జవాబు రాలేదు, అదీ వద్దనుకున్నాను.

రెండోదానికి ఫిక్స్ అయిపోయేను. క్యాసెట్ 10-51, రిమ్ములు ట్యూబ్‌లెస్ రెడీ, డ్రాపర్ కేబుల్ వెళ్లడానికి ఫ్రేములో దారి ఉంది. ఇంక రెండు విషయాలు. ట్యాగు మీద 1,62,000 పాత రేటని షాపు కుర్రాడు నోరు జారేడు, అది తగ్గుతుందా? ఎం సైజు స్టాకు లేదంట, ఎల్ సైజు తీసుకోండి సార్ స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్కు గొట్టానికి కలిపేది) పొట్టిది వేసి సెట్ చేసేస్తాం అంటున్నారు, ఎం కావాలంటే నెల పైన పడుతుందంట. ఏం చెయ్యమంటారు?

కళింగపట్నం_గాలి:
రేటు కచ్చితంగా అడగండి. సైకిళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాస్తా 5 శాతం అయిపోయింది. ఆ ట్యాగు అంతకుముందుదైతే 12 శాతం కలిపిన 1,62,000 కాస్తా 5 శాతానికి దాదాపు 1,52,000 అవ్వాలి. బిల్లు మీద పన్ను శాతం రాసి ఉంటాది, 5 అని చూసుకునే డబ్బు కట్టండి. ఆ పదివేలతో సీలెంటు (ట్యూబ్‌లెస్ టైరులో పోసే, చిల్లులు పూడ్చే ద్రవం), షాక్ పంపు, మంచి హెల్మెట్, చైను చెకర్ అన్నీ వచ్చేస్తాయి.

ట్యూబ్‌లెస్ చేయించేయండి. మన బాటల్లో తుమ్మముళ్లకి ట్యూబు ఆగదు. ఎండలకి సీలెంటు ఎండిపోతాది కాబట్టి రెండు మూడు నెలలకోసారి కొంచెం పోస్తూ ఉండాలి. మీ బరువుకి 2.4 టైర్లో 24, 26 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి చూసుకోండి, వెనక ఒకటి రెండు ఎక్కువ.

తాటిపూడి_గట్టు:
ఎల్ సైజు తీసుకోవద్దు. ఇది నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. ఇప్పటి ఎంటీబీల్లో స్టెమ్ ముందే పొట్టిగా 45, 50 ఎంఎంకి వస్తాది, అందులో ఇంక తగ్గించేది ఏముంటాది? ఒకవేళ తగ్గించినా ఫ్రేము పొడవు అలగే ఉంటాది, నీ బరువు వెనక్కి పోయి ఘాటు ఎక్కుతుంటే ముందు చక్రం తేలిపోతాది. సీట్‌ట్యూబ్ పొడవెక్కువైతే రేపు డ్రాపర్ పోస్టు కూడా పొట్టిదే పడతాది. ఇందాక చెప్పేను కదా, మార్చలేని వాటికే డబ్బు పెట్టాలని, సైజు అన్నిటికన్నా మార్చలేనిది.

5.8కి చాలా కంపెనీల్లో ఎం సైజే, అయినా ఆ కంపెనీ సైటులో ఆ మోడల్ సైజు చార్టు తీసి నీ ఇన్‌సీమ్ కొలిచి సరిచూసుకో. చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య అట్టపుస్తకం పైకి గట్టిగా ఆనించి, నేల నుంచి దాని పై అంచుకి టేపు పట్టు. ఎం అనే వస్తే అడ్వాన్సు కట్టి, రసీదు మీద మోడలూ రంగూ సైజూ రేటూ నాలుగూ రాయించుకుని ఆగు. బైకు వచ్చేక బిగించినరోజే తీసుకొచ్చెయ్యకు, ఫోర్కులో నీ బరువుకి గాలి పెట్టించి, కోట చుట్టూ ఒక రౌండు తొక్కి, డిస్కు రాసుకుంటుందేమో విని, అప్పుడు మిగతా డబ్బు ఇయ్యి. ఆదివారం తాటిపూడి వస్తే చెప్పు, సాగ్ (నువ్వు ఎక్కినప్పుడు ఫోర్కు దిగే లెక్క) కొలిచి సెట్ చేసి పెడతాను, షాక్ పంపు నా దగ్గరుంది.