తెక్కిరి ఎక్కడ వాడాలి? కిత్తొ, మసకలతో తేడా ఏమిటి?

ప్రశ్న:
‘అలా అనుకున్నా, తీరా చూస్తే కాదు’ అనడానికి జపనీస్‌లో తెక్కిరి వాడతారు కదా. మరి ‘తెక్కిరి అషిత వ అమె ద తొ ఒమొఉ’ (రేపు ఖాయంగా వానే అనుకుంటున్నా) తప్పట, కిత్తొ (‘తప్పకుండా’) పెడితే ఒప్పట. ఎందుకు? మసక (‘అలా జరుగుతుందని ఊహించలేదు’ అనడానికి వాడే జపనీస్ మాట) కూడా ఈ కోవలోదేనా?

జవాబు 1:
తెక్కిరి రావాలంటే ముందు గట్టిగా నమ్మి ఉండాలి, ఆ నమ్మకం తప్పని మాట్లాడే వేళకి తేలిపోయి ఉండాలి. రేపటి వాన ఇంకా తేలలేదు కాబట్టి అక్కడ కిత్తొనే.

వాక్యం చివర మామూలుగా ‘తొ ఒమొత్తె ఇత’ (అని అనుకున్నా; ‘తొ’ అంటే ‘అని’) వస్తుంది. చాలామంది జారేది ‘తొ’ ముందు. నామవాచకమైతే ‘ద’ (‘అది ఫలానా’ అని చెప్పే మాట) ఉండాల్సిందే: తెక్కిరి గకుసెఇ ద తొ ఒమొత్తె ఇత (విద్యార్థే అనుకున్నా). క్రియకి ‘ద’ తగిలించకూడదు: తెక్కిరి కురు తొ ఒమొత్తె ఇత (వస్తాడనే అనుకున్నా). మర్యాదగా చెప్పాలంటే చివరి ‘ఇత’ని ‘ఇమషిత’ చేస్తే చాలు, లోపలి ‘ద’ని దాని మర్యాద రూపమైన ‘దెసు’గా మార్చకండి.

‘ఒమొత్త’ అన్నా తప్పు కాదు, కానీ అది అప్పటికప్పుడు తట్టిన ఊహ. కొంతకాలం అదే భ్రమలో ఉంటే ‘ఒమొత్తె ఇత’. తెలుగులో రెంటికీ ‘అనుకున్నా’తో సరిపెట్టేస్తాం కాబట్టి ఈ తేడా మనవాళ్ల చెవికి ఆనదు. ఇంకా నొక్కి చెప్పాలంటే ‘తొ బకరి ఒమొత్తె ఇత’.

జవాబు 2:
మసక సంగతి: తెక్కిరిలో ఊహ ఉంది, అది తప్పింది. మసకలో అసలా ఊహే లేదు. రాడనుకున్న మనిషి వచ్చాడనుకోండి. ‘తెక్కిరి కొనఇ తొ ఒమొత్తె ఇత’ అంటే రాడనే అనుకున్నా. ‘మసక కురు తొ వ ఒమొవనకత్త’ అంటే వస్తాడని కలలో కూడా అనుకోలేదు. రెండోదాంట్లో ‘తొ’ పక్కన ‘వ’, చివర వ్యతిరేక క్రియ చూడండి. ‘మసక కురు తొ ఒమొత్తె ఇత’ అని కలిపేస్తే అతకదు.

తషికని ఇందులోకి లాగకండి, అది ‘నాకు గుర్తున్నంతవరకు’ అనడానికి. ఊహ నిజమైతే, ముఖ్యంగా చెడు జరిగితే, అన్నొజో (‘అనుకున్నట్టే’) వాడతారు.

ప్రశ్న అడిగినవారు:
వేరొకరు ఇంకా పొరబాటులోనే ఉన్నారు, నిజం నాకు తెలుసు. అప్పుడు తెక్కిరి వాడొచ్చా?

జవాబు 1:
నిక్షేపంగా. ‘కరె వ తెక్కిరి వతషి గ దొకుషిన్ ద తొ ఒమొఇకొందె ఇరు’ (నాకు పెళ్లి కాలేదనే అతను నమ్ముతున్నాడు). అతని భ్రమ ఇంకా వీడలేదు గనుక చివర ‘ఇరు’. మన గురించి మనం చెప్పుకునేటప్పుడు మాత్రం ఈ ‘ఇరు’ కుదరదు, తప్పని తెలిశాక ఇంకా నమ్మం కదా.

జవాబు 3:
సంభాషణలో తెక్కిరి వాక్యం తర్వాత ‘కానీ కాదన్నమాట’ అని మళ్లీ చెప్పనక్కర్లేదు, అది అందులోనే ఉంది. ఎదుటి మనిషి గురించే పొరబడితే ‘క తొ’ (‘ఏమో అని’) వాడి మెత్తబరచండి: తెక్కిరి గకుసెఇ క తొ ఒమొత్తె ఇమషిత (విద్యార్థేమో అనుకున్నానండి). ఇక్కడ ‘క’ వచ్చింది కాబట్టి ‘ద’ ఎగిరిపోతుంది.